వాపుకు కృతజ్ఞత కూడిక

ఇది ఒక మహాగాథ. ఇందులో మృత్యువు నీడ ఉంది. తల్లి కన్నీరు ఉంది. దేవుడితో చేసుకున్న ఒప్పందం ఒకటుంది. మూడు పట్టణాల మధ్య రైలు ప్రయాణాలున్నాయి. చివర్లో నిండు సభలో ఒక స్త్రీ లేచి నిలబడే ఘట్టం కూడా ఉంది. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

ఇలా మొదలుపెట్టి, కాసేపు ఆగి చూసుకుంటే, జరిగింది ఇంతే: నా మొహం వాచింది, తర్వాత తగ్గింది. మృత్యువు నీడ అని నేను అనుకున్నది తెనాలి ఆస్పత్రి వరండా మీద పడిన వేపచెట్టు నీడ.

అయినా రాస్తున్నాను. వాపు చూసి బలుపనుకోవడం అనే సామెత అందరూ వాడతారు. దాన్ని బంధుమిత్ర సమేతంగా, ప్రార్థన చేసి, భోజనాలు పెట్టి మరీ జరుపుకున్న కుటుంబం మాత్రం నాకు తెలిసి మాదొక్కటే. ఆ గౌరవం ఇంకొకరికి దక్కకూడదని రాస్తున్నాను.

జూన్

నేను బాపట్లలో ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటుని. ఊళ్ళు తిరిగి, రైతుల్ని కూర్చోబెట్టి, మా వరి విత్తనం గొప్పతనం చెప్పడం నా పని. నాకు వ్యవసాయం కంటే మాటలు బాగా వచ్చు. కంపెనీకి కావలసిందీ అదే. నా గదిలో ఉండే ఖలీల్‌దీ అదే కంపెనీ, అదే పని. వాడు బాపట్ల దగ్గరి కుర్రాడే. నా జోకులకి మొదటి శ్రోత, మొదటి బాధితుడు. శనివారం సాయంత్రం తెనాలి మీదుగా రేపల్లె ఇంటికి వెళ్ళి, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ణి.

అప్పటిదాకా నేను ఈనెపుల్లకి చొక్కా తొడిగినట్టు ఉండేవాణ్ణి. పుట్టినప్పుడు నర్సమ్మ నన్ను అమ్మ చేతిలో పెడుతూ, "పిల్లాడు కాస్త తేలిగ్గా ఉన్నాడమ్మా" అందట. అమ్మ ఆ మాటను ఇన్నేళ్ళు మోసింది. వీడి బుగ్గల నిండా కండ పట్టిన రోజున కృతజ్ఞత కూడిక పెట్టి సంఘానికంతా భోజనాలు పెడతానని ఆ పురిటి మంచం మీదే మొక్కుకుంది. చర్చికి వెళ్ళని వాళ్ళ కోసం చెబుతున్నాను. కూడిక అంటే, దేవుడు చేసిన మేలు కోసం ఇంట్లో ప్రార్థన పెట్టి, సంఘాన్ని పిలిచి, ఆ మేలేంటో అందరి ముందూ నోరు విప్పి చెప్పి, ఆ తర్వాత విస్తర్లు వేయడం. విస్తర్ల కంటే చెప్పడం ముఖ్యం. ఒకసారి సాక్ష్యం చెప్పాక ఆ సంగతి ఇక మీది కాదు, నలుగురిదీ.

అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు. బడిలో పిల్లలందరి చేతా మధ్యాహ్నం గుడ్డు తినిపించే మనిషి. ఇంట్లో పిల్లాడు మాత్రం ఆమె సర్వీసుకే మచ్చలాగా వీధిలో తిరుగుతుండేవాడు. రాగిజావ, అరటిపండ్లు, పాలు, చేపనూనె గోళీలు ఆమె నాలో ఏళ్ళ తరబడి పోసింది. అవన్నీ ఎటు పోయాయో నాకే తెలీదు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున నేను లేచి వరండాలోకొస్తే, కాఫీ తెస్తున్న అమ్మ గడపలోనే ఆగిపోయింది. ఇటు తిరగమంది. తిరిగాను. అటు తిరగమంది.

"బుగ్గలొచ్చాయిరా నాన్నా నీకు," అంది. మనవణ్ణి ఎత్తుకున్న నాయనమ్మ గొంతులా ఉంది.

అద్దంలో చూసుకున్నాను. నిజమే. రెప్పలు ఉబ్బి కళ్ళు కాస్త చిన్నవైనట్టున్నాయి. బుగ్గల కోసం కళ్ళు ఆ మాత్రం త్యాగం చెయ్యాలిలే అనుకున్నాను. పక్కింటి అత్తయ్య వచ్చి చూసి, బాపట్ల నీళ్ళు పడ్డాయని తేల్చింది. బాపట్ల నీళ్ళను ఎవరైనా పొగడడం నేను వినడం అదే మొదలు.

ఆగస్టు

కూడిక రోజు వాన. అయినా షామియానా కింద ఊరంతా ఉంది. నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిన గుమ్మడికాయను బల్ల మీద పెట్టినట్టు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ ముఖాన్ని నిండుగా చేసినందుకు స్తోత్రం చెప్పారు. అమ్మ లేచి, నర్సమ్మ మాట దగ్గర మొదలుపెట్టి, చేపనూనె మీదుగా బుగ్గల దాకా వచ్చి కూర్చుంది. ముసలమ్మలు వరసగా వచ్చి బుగ్గ గిల్లి చూశారు. పలావు బాగా కుదిరిందట. నాకు సయించలేదు.

అంతమంది మధ్య, ఆ ఉక్కలో, అందరూ కాగితం పళ్ళేలతో విసురుకుంటుంటే నాకొక్కడికే చలేసింది. ఫ్యాను కింద నుంచి లేచి గోడవారకు జరిగాను. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఇంట్లో మాట్లాడే హక్కును పెళ్ళినాడే అమ్మకి రాసిచ్చేసిన మనిషి. ఆయన నా పక్కకొచ్చి మెల్లిగా అడిగారు.

"ఏరా, సరిగ్గా తినట్లేదు కదా, మరి ఒళ్ళెట్టా వస్తోందిరా?"

అమ్మ వినేసింది. దిష్టి గిష్టి మేం నమ్మం. అయినా ఆ క్షణాన అమ్మ నాన్న వైపు చూసిన చూపుకి ఇంకో పేరు లేదు. నాన్న వెళ్ళి పెరుగు చట్నీ వడ్డించుకున్నారు. ఆ వేళ షామియానా కింద ఉన్న అందరిలోకీ సరైన ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. జవాబుగా ఆయనకి దక్కింది పెరుగు చట్నీ.

సెప్టెంబరు

అసలు జబ్బు ఇక్కడ మొదలవుతుంది. మొహం అసలు జబ్బు కాదు. జోకు ఆలస్యంగా రావడం అసలు జబ్బు.

ఎవరైనా నన్ను ఒక మాటంటే, నా జవాబు వాళ్ళ నోరు మూతపడే లోపు తయారుగా ఉండేది. నాకున్న ఆస్తల్లా అది. బడిలో దెబ్బలు తప్పించింది అదే, ఉద్యోగం ఇప్పించింది అదే. ఆ జవాబు ఇప్పుడు రేపల్లె ప్యాసింజరు అయిపోయింది. వచ్చేది. ఎప్పుడో వచ్చేది. అప్పటికి ప్లాట్‌ఫారం మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

గొంతు బొంగురుపోయింది. బాపట్ల ఉక్కలో స్వెట్టరేసుకుని పడుకుంటే ఖలీల్ నా మీద ఫ్యాను కట్టేసి, తను వెళ్ళి మేడ మీద పడుకునేవాడు. పొద్దున్నే మొహం ఉబ్బి కళ్ళు తెరుచుకునేవి కావు. మధ్యాహ్నానికి కాస్త దిగేది. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ముందు పెట్టుకుని కునికేవాణ్ణి.

ఒకరోజు ఒక ఊళ్ళో రైతుల సమావేశం. రచ్చబండ దగ్గర అందరూ కూర్చున్నారు. నేను లేచి దుబ్బు గురించి, కంకి గురించి ఏదో చెబుతున్నాను. ముందు వరసలో తలపాగా చుట్టుకున్న ఒక బాబాయ్ నన్ను కిందకీ పైకీ చూసి తీరిగ్గా అన్నాడు.

"బాబూ, విత్తనం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నీ మొహానికి ఏ ఎరువేశావో అది చెప్పు, మా చేలకీ వేసుకుంటాం."

అందరూ నవ్వారు. మంచి జోకు. నేనే అసూయపడేంత మంచి జోకు. నా వంతు వచ్చింది. అందరూ నా వైపు చూస్తున్నారు. లోపల వెతికాను. ఏమీ లేదు. సంత అయిపోయాక సంతపాకలా ఉంది. నేను కూడా నవ్వినట్టు పళ్ళు చూపించి కూర్చున్నాను. మిగతాది ఖలీల్ చెప్పాడు.

జవాబు సాయంత్రం వచ్చింది. బస్సులో, బాపట్ల రైల్వే గేటు దగ్గర, గేటు పడి ఉండగా. "ఎరువు కాదు బాబాయ్, మురుగు పోక నీళ్ళు నిలిచాయి." పైకే అన్నాను. పక్క సీట్లో ఆవిడ సంచి దగ్గరికి లాక్కుంది.

ఆ రోజు నాకు భయమేసింది. మొహం ఉబ్బితే కిడ్నీలేనని ఆఫీసులో ఒకాయన అప్పటికే అభయమిచ్చి ఉన్నాడు. దానికి కాదు భయం. కిడ్నీ పోతే ఇంకోటి పెడతారంటారు. జోకు పోతే ఎవరు పెడతారు? జోకు లేకపోతే నేనేంటి? నిండు మొహం ఉన్న ఒక మామూలు మనిషి. అలాంటివాళ్ళు ఊరికి బోలెడుమంది ఉన్నారు.

ఇంట్లో చెప్పలేదు. భోజనాలు పెట్టిన మొహం గురించి ఫిర్యాదెలా చేస్తాం?

అక్టోబరు

ఖలీల్ ఒకరోజు బండి తాళం జేబులో వేసుకుని నా మంచం ముందు నిలబడ్డాడు.

"నువ్వు నన్ను తిట్టి పదిహేను రోజులు దాటిందిరా. నాకేదో తేడాగా ఉంది. లే, తెనాలి పోదాం."

నా జబ్బును కనిపెట్టింది వాడు. తిట్లు తగ్గడమే రోగలక్షణమని ఏ పుస్తకంలో చదివాడో తెలీదు. ఆ పూట సెలవు పెట్టి, రైల్లో నాకు కిటికీ సీటు ఇచ్చి, గాలి తగులుతోందని నేను అంటే మళ్ళీ మార్చాడు.

తెనాలిలో హార్మోన్ల డాక్టరుగారి దగ్గర కూర్చున్నవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. పక్కనున్నామె మీ ఆవిడ లోపలికెళ్ళిందా బాబూ అని అడిగింది. పేషెంటుని నేనేనని చెప్పాక జాలిగా చూసింది. వేటపాలెం నుంచి వచ్చిందట, జీడిపప్పు పనికి వెళుతుందట. ఏసీ గాలికి నేను ముడుచుకుపోవడం చూసి తను నా కుర్చీలోకొచ్చి, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. సంచిలోంచి తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పింది. నేనూ ఇట్టాగే వణికానయ్యా, ఎండాకాలం దుప్పటి కప్పుకుంటే మా ఆయన బద్ధకమనేవాడు, ఇప్పుడు బానే ఉన్నాను, అంది. ఇన్ని నెలల్లో నా బుగ్గ గిల్లకుండా నన్ను చూసిన మొదటి పెద్దావిడ ఆమె.

ఎదురుగా చందమామలాంటి ఎర్రటి మొహంతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులకి ఎవరో ఇచ్చిన బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే అలా అయిందట. అది వేరే హార్మోను గొడవ, వాటిని ఉన్నట్టుండి మానేయడం కూడా ప్రమాదమేనట. ఆయన్నీ మొదట్లో అందరూ పచ్చగా ఉన్నావన్నారట. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. ఆయనకి కూడిక పెట్టారో లేదో అడగలేదు.

డాక్టరుగారు నా బుగ్గ నొక్కారు, ముంగాలు నొక్కారు. కిడ్నీ వాపైతే గుంట పడుతుందట, నాకు పడలేదు. కుర్చీ మీద మోకాళ్ళతో నిలబడమని, మడమ పైన చిన్న సుత్తితో కొట్టారు. పాదం కదిలింది. వెనక్కి రావడానికి మాత్రం సెలవు మీద ఉన్నట్టు తీరిగ్గా వచ్చింది.

"చూశారా, మీ పాదం జవాబు చెప్పడానికి టైం తీసుకుంటోంది," అన్నారామె.

కాసేపటికి నేనన్నాను. "నా నోరు కూడా అంతేనండి."

డాక్టరుగారు నవ్వలేదు. రాసుకున్నారు.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక చెప్పారు. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి నిద్రపోతోందట. ఒంటికి వేగాన్నిచ్చే హార్మోను అదే తయారు చెయ్యాలి. అది చాలకపోతే ఒళ్ళంతా మందగిస్తుంది. గొంతు, పేగులు, పాదం, ఆలోచన, అన్నీ. చర్మం కింద నీరు పట్టుకుంటుంది, మొహం ఉబ్బుతుంది. మగవాళ్ళలో తక్కువే గాని రాకపోదు. మాత్ర రోజూ వేసుకుంటే సర్దుకుంటుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి, అన్నారు.

"ఇది కండ కాదండి. నీళ్ళు నిలిచాయి, అంతే," అన్నారు.

నేను ఖలీల్ వైపు చూశాను. రైల్వే గేటు దగ్గర, చాలా ఆలస్యంగా, నాకు నేనే రోగం కనిపెట్టుకున్నాను. ఫీజు మాత్రం ఆమెకిచ్చాం.

నవంబరు

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ వంకాయలు తరుగుతోంది. తరగడం ఆపలేదు.

"మాత్రేసుకుంటే ఏమవుద్ది?"

"వాపు తగ్గుద్దమ్మా."

"అంటే మళ్ళీ పాత మొహమేనా?"

ఆమె చదువుకున్న మనిషి. థైరాయిడ్ అంటే తెలియక అడిగిన ప్రశ్న కాదది. అందరి ముందూ లేచి దేవుడిచ్చాడని చెప్పింది. ఆయన ఇచ్చింది రోగమైతే, తను చెప్పింది అబద్ధం. ఆయన ఇవ్వలేదంటే, మొక్కు ఇంకా తీరలేదు. ఎటు చూసినా ఆమెకి దారి లేదు. ఇంకో డాక్టరుకి చూపిద్దామంది, పరీక్ష తప్పయి ఉంటుందంది, క్రిస్మస్ అయ్యాక మొదలుపెట్టొచ్చుగా అంది.

అప్పుడు నాన్న, పెళ్ళినాడు రాసిచ్చేసిన హక్కును ఒక్క నిమిషం వెనక్కి తీసుకున్నారు.

"మనకి పుట్టింది పాత మొహమే కదే," అన్నారు.

మర్నాడే మాత్ర మొదలైంది. అమ్మ అడ్డు చెప్పలేదు. ఏమీ చెప్పలేదు కూడా. ఆ నెలంతా చర్చిలో తన మామూలు స్థలం వదిలేసి వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుంది, ఆరాధన కాగానే వెళ్ళిపోవడానికి వీలుగా. వారం వారం నా మొహం దిగుతోంది. జనం చూస్తున్నారు. ఏంటమ్మా, పిల్లాడు మళ్ళీ చిక్కిపోయాడు, అంటున్నారు. పక్కింటి అత్తయ్య బాపట్ల నీళ్ళు పడలేదని తేల్చింది. ఈసారి ఆ నీళ్ళ మీద నాకే జాలేసింది.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. రోగం నాది, శోకం ఆమెదా అనిపించింది. అనేవాణ్ణే. ఆ మాట తట్టేసరికి రైలు తెనాలి దాటేసేది.

డిసెంబరు

స్వెట్టరు మానేశాను. పొద్దున్నే కళ్ళు రెండూ పూర్తిగా తెరుచుకున్నాయి. గొంతు నాదిగా అనిపించసాగింది. ఒకరోజు ఖలీల్ చేసిన ఉప్మా గురించి నేనొక మాటన్నాను. వాడు గరిటె పడేసి వచ్చి నన్ను కావలించుకున్నాడు. తర్వాత మాట గుర్తొచ్చి కొట్టాడు.

ఆ శనివారం ఇంటికెళితే, వరండాలో కాగితం నక్షత్రం కట్టేసి ఉంది. భోజనాల దగ్గర అమ్మ, నెలన్నర మౌనం తర్వాత, వడ్డించే హస్తం నిండా అన్నం తీసి నా కంచంలో కుమ్మరిస్తూ దెప్పింది.

"తిను. మళ్ళీ హ్యాంగరుకి చొక్కా తగిలించినట్టున్నావు."

"హ్యాంగరే నయమమ్మా. దానికి కూడిక పెట్టక్కర్లేదు."

ఆలోచించలేదు. హస్తం ఇంకా గాల్లోనే ఉంది. నాన్న తినడం ఆపేశారు. అమ్మ నా వైపు చూసింది, హస్తం వైపు చూసింది, నవ్వడం మొదలుపెట్టింది. అన్నం నేల మీద పడుతున్నా ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఎక్కడో మలుపు తిరిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎన్నాళ్ళయిందిరా నన్ను వెక్కిరించి," అంది. "నేను బుగ్గలు చూసుకుని మురిసిపోతా కూర్చున్నా. లోపల నువ్వు లేవన్న సంగతే చూసుకోలేదు."

"లోపలే ఉన్నానమ్మా. తలుపు తియ్యడానికి టైం పట్టింది."

వెంట వెంటనే రెండు. జూన్ తర్వాత అదే రికార్డు.

మర్నాడు ఆదివారం అమ్మ వెనక వరసలో కూర్చోలేదు. ముందుకెళ్ళి తన మామూలు స్థలంలో కూర్చుంది. అయ్యగారు సాక్ష్యాలున్నవాళ్ళు చెప్పమనగానే లేచింది. నేను మగవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. చేతిలో కొంగు నలిగిపోతోంది. గొంతు మాత్రం తరగతి గదిలోని గొంతే.

"ఆగస్టులో మా అబ్బాయి బుగ్గల కోసం మీ అందరికీ భోజనాలు పెట్టానండి. అది కండ కాదు, వాపు. థైరాయిడ్ అట. తెలీక రోగానికి కృతజ్ఞత చెప్పాను. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను. ఇవాళ మా వాడు చిక్కిపోయినందుకు, మళ్ళీ నన్ను వెక్కిరిస్తున్నందుకు దేవుడికి స్తోత్రం చెబుతున్నాను. మీ ఇళ్ళల్లో ఎవరికైనా పొద్దునపూట మొహం ఉబ్బి, ఊరికే చలేస్తా, మాట మందగిస్తే, ఒళ్ళొచ్చిందని మురవకండి. రక్తపరీక్ష చేయించండి."

కూర్చోబోయి, మళ్ళీ లేచింది.

"భోజనాలు మళ్ళీ పెట్టను. ఒకసారి తిన్నారుగా."

చర్చి అంతా నవ్వింది. అయ్యగారు బల్ల పట్టుకుని నవ్వారు. ఆరాధనయ్యాక ఆయన అమ్మ దగ్గరికొచ్చి, నిండు ముఖమని స్తోత్రం చెప్పాను గాని దేంతో నిండిందో నేనూ చూసుకోలేదమ్మా, అన్నారు. ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరారు. తమ మెడలు చూపిస్తున్నారు, కోడళ్ళ రెప్పల గురించి, అక్కల చలి గురించి చెబుతున్నారు. వాళ్ళలో ఒకామె తర్వాత తెనాలి వెళ్ళి పరీక్ష చేయించుకుంది. ఆమెదీ నా కథే. ఆమెకి కూడిక ఖర్చు తప్పింది.

నా జోకు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఇన్నాళ్ళూ స్వార్జితమని చెప్పేవాణ్ణి. ఆ ఆదివారం దాని పుట్టిల్లు చూశాను. మొక్కుని, మర్యాదని, ఊరి నోటిని పక్కన పెట్టి, నిండు సంఘంలో నేను పొరపడ్డానని చెప్పి, పైగా నవ్వించి కూర్చున్న మనిషి కొడుకుని నేను. ఇంతకంటే గర్వపడే అవకాశం నాకు మళ్ళీ రాకపోవచ్చు. వస్తే మళ్ళీ ఏదో ఒకటి వాచి ఉంటుంది.

ఇప్పుడు

మొన్న ఆ ఊరే వెళ్ళాను. తలపాగా బాబాయ్ ముందు వరసలోనే ఉన్నాడు. నెలల తరబడి దాచుకున్న జవాబు కదా, ఎదురుగా నిలబడి గట్టిగానే అన్నాను: "ఎరువు కాదు బాబాయ్, మురుగు పోక నీళ్ళు నిలిచాయి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరి చేలో బాబూ?" అన్నాడు.

మొహం మారిపోయింది కదా, గుర్తుపట్టలేదు.

ఇంత నడిచొచ్చాక నాకు తెలిసిన పరమసత్యం ఒకటి ఉండాలి కదా. అమ్మ ప్రతి ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు తన చేతిలోనే పట్టుకుని, గడియారం చూస్తూ, నాకు ఇవ్వకుండా ఆ సత్యాన్ని పాటిస్తోంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ గంట తర్వాత.